అమ్మాయి అడుగులు

మరోదా కాలనీ బ్యాచిలర్ క్వార్టర్లో నవారు మంచాన్ని గోడకి నిలబెట్టి, లుంగీల్లో ఉన్న ఇద్దరు మగాళ్ళు ఒకరినొకరు పట్టుకుని డాన్సు చేస్తున్నారు.

గ్రామఫోను గురుమూర్తిది. తాళం చిట్టిబాబుది.

"స్లో... స్లో... క్విక్ క్విక్. స్లో కాడ తొందరపడకురా. రెండు దెబ్బలు పడేదాకా ఆగాల" అన్నాడు చిట్టిబాబు.

ఫాక్స్‌ట్రాట్ అనే ఈ దొరల జంట డాన్సులో మగవాడు ముందుకి నడుస్తాడు, ఆడమనిషి వెనక్కి నడుస్తుంది. గురుమూర్తి ఆరడుగుల మనిషి. చిట్టిబాబు వాడి భుజం దాకా వస్తాడు. ఇంకేముంది, ఆడమనిషి ఎవరో తేలిపోయింది.

పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు. ఈ పొట్టివాడి బుర్రలో ఉన్నదల్లా మణిమాల ఒక్కతే.

మణిమాల రైల్వే గార్డు బంగార్రాజుగారి అమ్మాయి, చిట్టిబాబు ఆఫీసులోనే టైపిస్టు. "క్రిస్మస్‌కి మా రైల్వే ఇన్‌స్టిట్యూట్లో డాన్సుంది, రండి. ఫాక్స్‌ట్రాట్ వచ్చేటి మీకు?" అని అడిగింది ఎండాకాలంలో.

"వచ్చండి" అనేశాడు. నోటికి అడ్డేముంది.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఈ సాధనే.

"ఈవేళ నేను మగాడి వైపు ఏస్తాన్రా" అనేవాడు పాపం.

"నా ఎనకాల గోడుందో గుమ్మముందో నీకేటి కనపడతాది భయ్యా? పైవారం చూద్దాంలే" అనేవాడు గురుమూర్తి.

ఆ పైవారం రానేలేదు. క్రిస్మస్ వచ్చేసింది.

ఇన్‌స్టిట్యూట్ హాల్లో బ్యాండు మొదలైంది. తొందరా లేదు, నత్తనడకా లేదు, వేగం సరిగ్గా కుదిరింది. చిట్టిబాబు గుండె మాత్రం దానికి రెట్టింపు కొట్టుకుంటోంది.

మణిమాల ఎవరి వంకా చూడకుండా నేరుగా అతని దగ్గరికే వచ్చి చెయ్యి చాపింది.

డ్రమ్ము మీద దెబ్బ పడింది. సరిగ్గా దాని మీదే అడుగు వేశాడు చిట్టిబాబు. వెనక్కి.

మణిమాలా వెనక్కే వేసింది.

ఇద్దరి మధ్యా చేతులు దండెంలా సాగాయి. పక్కనెవరో కిసుక్కున నవ్వారు.

"మీరు ముందుకి రావాలండి" అంది మణిమాల మెల్లిగా.

ఆ సంగతి చిట్టిబాబుకి తెలియక కాదు. కాళ్ళు మాట వినడం లేదు. మళ్ళీ వేశాడు, మళ్ళీ వెనక్కే. ఈసారి పళ్ళు బిగబట్టి ముందుకి వేస్తే ఆమె కాలివేళ్ళు నలిగిపోయాయి.

"పర్లేదులెండి" అంటూనే ఆమె కుర్చీలో కూలబడి కాలు పట్టుకుంది. భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది చిట్టిబాబుకి.

చిట్టిబాబుకి తోడుగా వచ్చి గోడవార నిలబడ్డ గురుమూర్తి ఊరుకోలేక దగ్గరికొచ్చాడు. "మావాడి తరఫున నేను సారీ చెప్తానండి. నొప్పి తగ్గితే ఒక్క పాట?"

గురుమూర్తి ముందుకి వేశాడు. మణిమాల వెనక్కి వెళ్ళింది. స్లో దగ్గర ఆగాడు, ఆగవలసినంతసేపూ ఆగాడు. చిట్టిబాబుకి ముచ్చటేసింది. వెంటనే ఏడుపొచ్చింది.

ఆ పాట అయింది. ఇంకో పాటా అయింది. వాళ్ళిద్దరూ విడిపోలేదు.

బ్యాండు వాళ్ళు టీకి లేచినప్పుడు మణిమాల మంచినీళ్ళకోసం వచ్చి చిట్టిబాబు పక్కన నిలబడింది. మొహం వెలిగిపోతోంది.

"మీ ఫ్రెండు ఎంత బాగా చేస్తారండి. ఒకటడుగుతాను, నిజం చెప్తారా? ఆయనకి ఎవరో అమ్మాయే నేర్పుంటాది. అవునా?"

చిట్టిబాబు గ్లాసు అందించాడు.

"ఉండేదండి ఒకర్తి."

"ఇప్పుడేదీ?"

"ఎళ్ళిపోయిందండి. మరి రాదు."

"హమ్మయ్య" అంది మణిమాల.