చిన్నిల్లు

బండి కదిలింది. కదులుతున్నట్టు ఒక్క మాటైనా చెప్పలేదాయన.

ఎప్పుడూ అలా కాదు. ఇంజను తిప్పేముందు వెనక్కి తిరిగి, “అన్నీ కట్టేశావా? కదలమంటావా?” అని అడగాల్సిందే. ఆమె అరల తలుపులకు గడియలు పెట్టి, గ్యాసు కట్టేసి, గిన్నెలు గుడ్డలో చుట్టి “కదలండి” అనాల్సిందే. ఇవాళ ఆ మర్యాద లేదు. పై అర తెరుచుకుని చక్కెర డబ్బా దబ్బున కింద పడింది. బయట ఎవరో గట్టిగా కేకలేశారు. పెట్రోలు బంకన్నాక ఎవరో ఒకరు ఎవరి మీదో అరుస్తూనే ఉంటారు.

ఆమె లేవలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునే ఉంది. డ్రైవరు సీటుకీ మంచానికీ మధ్య తను కుట్టిన మందపాటి కర్టెన్ ఊగుతోంది. దానికి ఇవతల కోపం, అవతల కోపం.

ఆయన వడ్రంగి. పని మానేశాక పాత బ్రెడ్డు వ్యాను ఒకటి కొని, చెక్కి, చిత్రికపట్టి, అందులో మంచం, పొయ్యి, సింకు అమర్చాడు. ‘చిన్నిల్లు’ అని పేరు కూడా పెట్టుకున్నాడు. విన్నవాళ్ళు ముసిముసిగా నవ్వేవాళ్ళు. “నవ్వండి, మీదేం పోయింది? సవతి పోరు పడేది నేను కదా” అనేది ఆమె. అందులో వేళాకోళం సగమే. అసలు ఇంట్లో కుర్చీ కాలు ఊడినా పట్టించుకోని మనిషి, చిన్నింటి టైరులో గాలి తగ్గితే అన్నం కూడా సహించనట్టు ఉండేవాడు.

ప్రయాణాలు మొదలయ్యాక ఆమెకు చుక్కలు కనిపించాయి. నిలబడితే తల తగులుతుంది. వంగితే నడుం తగులుతుంది. మురుగునీళ్ళ ట్యాంకు నిండిందంటే ఆ కంపుకి ముక్కు మూసుకుని వంట చెయ్యాలి. ఆయనకేమో అదే స్వర్గం. ఊరు దాటగానే ఈల వేసేవాడు.

నిన్న రాత్రి వానకి పైకప్పు కారింది. పొద్దున టీ కాస్తూ ఆమె అనేసింది: “ఈ డొక్కు బండి కావాలో, నేను కావాలో తేల్చుకోండి.” ఆయన టీ గ్లాసు పక్కన పెట్టేసి లేచాడు. బంకులో బండి ఆపి, ట్యాంకులోకి నీళ్ళు తెస్తానని దిగి వెళ్ళాడు. ఆమె మంచమెక్కి కర్టెన్ లాగేసుకుంది. కాసేపటికి ముందు తలుపు పడిన చప్పుడు. ఆ వెంటనే ఈ కదలడం.

దుప్పటి కప్పుకోబోతే చెయ్యి చల్లగా తగిలింది. తను రోజూ పడుకునే వైపు పరుపంతా తడిసి ముద్దయింది. పొద్దున తను నిద్రలేచిన వైపు, ఆయన వైపు, పొడిగా ఉంది. కప్పు కారింది తన వైపే. నిద్రలో తనని ఇటు జరిపి, ఆ తడిలో ఆయన పడుకున్నాడన్నమాట. ఆమె కర్టెన్ వైపు తిరిగింది.

“ఏవండీ,” అంది.

బండి ఒక్కసారి పక్కకి తూలి మళ్ళీ దారిలో పడింది. తన గొంతు వింటేనే అంత మంట.

“పొద్దున ఏదో నోరు జారాను. మనసులో పెట్టుకోకండి.”

గేరు మారింది, మెత్తగా. మామూలుగా ఆయన గేరు మారిస్తే బండి పళ్ళు కొరికినట్టుంటుంది. కోపమొస్తే మనిషికి డ్రైవింగు కుదురుతుంది కాబోలు అనుకుంది.

“మాట్లాడకండి. నేను చెప్పేది విన్నాక ఎలాగూ మాట్లాడరు. మీకు మతిమరుపని, బండి ఆపాక తాళంచెవి తీసి దాచే పని నాకప్పగించారు కదా. నేనేం చేస్తున్నానో తెలుసా? ఎక్కడ ఆగినా దాన్ని బండికే వదిలేస్తున్నాను. మర్చిపోయి కాదండీ. కావాలనే.”

ఆపితే మళ్ళీ ధైర్యం రాదని ఆమె గబగబా చెప్పుకుపోయింది.

“ఏ పుణ్యాత్ముడైనా ఎత్తుకుపోతే నా పీడ వదులుతుందని. మొన్న మార్కెట్ దగ్గరా అంతే, నిన్న పార్కు దగ్గరా అంతే. తిరిగొచ్చేసరికి ఇది అక్కడే ఉండేది. నా ప్రాణం ఉసూరుమనేది. మీరేమో పిచ్చి మనిషిలా దాని వీపు నిమిరేవాళ్ళు. మీ ప్రాణం తీసుకెళ్ళి వీధిలో పెట్టి, ఎవరైనా పట్టుకుపోండి బాబూ అని చూస్తూ కూర్చున్నానండీ నేను. ఇదా కాపురం? ఇంత పాపం చేసి మీ పక్కన ఎలా పడుకున్నానో నాకే తెలీదు.”

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఆయన ఏడవడం ఆమె ఎన్నడూ ఎరగదు. ఇక ఆగలేకపోయింది.

“తిట్టండి, పడతాను. దీన్ని మాత్రం అమ్మకండి. ఎక్కడికంటే అక్కడికి వస్తాను. తడి వైపు నేనే పడుకుంటాను. ఒక్కసారి మాట్లాడండి, మీకు దణ్ణం పెడతాను.”

బండి నెమ్మదించింది. రోడ్డు పక్కకి దిగి ఆగింది. ఆమె కళ్ళు తుడుచుకుని లేచి కూర్చుంది. కర్టెన్ మెల్లగా పక్కకి జరిగింది.

“ఏడవకమ్మా, చెప్పులు ఊడిపోయినా బండి వెనకాలే పరిగెత్తుకొచ్చిన ఆ పెద్దాయన ఇంకా బంకు దగ్గరే ఉండుంటాడు, వెనక్కి తిప్పుతున్నా,” అన్నాడు ముక్కూ మొహం తెలియని మనిషి.