ఎనిమిదో శిష్యురాలు

"చెయ్యి తియ్!"

మేస్త్రి అరుపు లిఫ్టు గుంతలో గింగిరాలు తిరిగింది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కరెంటు తీసేశానండీ."

"తీశావు సరే. మీటరు పెట్టి చూశావా?"

"లేదు."

"తీశాననుకోవడం వేరు, పోయిందని తేల్చుకోవడం వేరు. మళ్లీ మొదట్నించీ చెయ్."

అని తను మాత్రం మెట్ల మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకోసాగాడు.

నిరుద్యోగ యువతకి పని నేర్పే సర్కారు పథకం కింద ఆమె ఈ లిఫ్టుల కంపెనీలో చేరి ఐదు నెలలైంది. అంతకుముందు, చదువు పూర్తయ్యాక మూడేళ్లు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. ఎక్కడికెళ్లినా ఒకటే ప్రశ్న, "అనుభవం ఉందా?" అని. పనిస్తేగా అనుభవం వచ్చేది! పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు.

పథకం ప్రకారం శిక్షణ ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ జీతంలో సగం సర్కారు భరిస్తుంది. ఆ తర్వాత ఉంచుకోవడమా, పంపెయ్యడమా అన్నది కంపెనీ ఇష్టం.

"నీకు ముందు ఏడుగురు వచ్చారమ్మా" అన్నాడు స్టోరు గుమాస్తా, చేరిన వారానికే. "అందరికీ మన మేస్త్రే నేర్పాడు. ఆరు నెలలు తిరగ్గానే తలా ఒక సర్టిఫికెట్టు పట్టుకుని ఇంటిదారి పట్టారు. ఖాళీలేవీ మరి?"

ఆరో నెల వచ్చేసరికి మేస్త్రి మరీ చండశాసనుడయ్యాడు. పని మొత్తం ఆమె నెత్తిన పెట్టాడు. బ్రేకు సరిచేయడం ఆమే, తలుపు తాళాలు చూడడం ఆమే, రిజిస్టరు రాయడం ఆమే. మోటారు గదిలో కళ్లు మూసుకుని నిలబడమనేవాడు.

"చప్పుడు విని రోగమేంటో చెప్పు."

సరిగ్గా చెబితే "ఊఁ" అనేవాడు. తప్పు చెబితే అరగంట క్లాసు.

"నీచేత గొడ్డుచాకిరీ చేయించుకుని తను కూర్చుంటాడన్నమాట" అంది తల్లి, కుట్టుమిషను ఆపి.

"ఎలాగూ పోయేదాన్నేగా అమ్మా. ఉన్నన్నాళ్లూ పిండుకుంటున్నాడు."

ఆ మర్నాడు రిజిస్టరు ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్లింది. మేనేజరు గది తలుపు ఓరగా వేసి ఉంది.

"నెలాఖరుకి పంపించెయ్యండి సార్." మేస్త్రి గొంతు అది.

"తొందరపడుతున్నావేమో. ఇంకోసారి ఆలోచించు."

"ఆలోచించే వచ్చాను. ఏడుగురి విషయంలో నోరు మూసుకున్నాను. ఇక నావల్ల కాదు."

ఆమె లోపలికి అడుగు పెట్టలేదు. రిజిస్టరు అక్కడి బల్ల మీద పెట్టి, చప్పుడు చెయ్యకుండా వచ్చేసింది.

రెండు రోజులు కడుపులో దాచుకుని, మూడోనాడు అడిగేసింది.

"నా పనిలో లోపమేంటి మేస్త్రిగారూ?"

ఆయన ఆమె వంక వింతగా చూశాడు. "లోపముంటే నేను ఊరుకుంటానా?"

"మరి..."

"మాటలాపి ఆ నట్టు బిగించు."

చివరి వారంలో ఒక పాత భవనంలో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒక ముసలావిడ, ఆమె మనవరాలు. పాప ఏడుపు కిందిదాకా వినిపిస్తోంది. మేస్త్రి చేతులు కట్టుకుని పక్కకి నిలబడ్డాడు.

"నువ్వే చూసుకో."

"నేనొక్కదాన్నేనా?"

"ఊఁ."

ఆమె తలుపు దగ్గర నోరుపెట్టి, "మామ్మగారూ, భయం లేదు, నేనున్నాను. పాపకో కథ చెబుతూ ఉండండి" అంది. పైన మోటారు గదికి పరుగెత్తింది. కరెంటు తీసింది, మీటరు పెట్టి చూసింది. బ్రేకు చేత్తో సడలిస్తూ లిఫ్టుని అంగుళం అంగుళంగా దించింది. కిందికి వచ్చి తలుపు తెరవగానే పాప వచ్చి ఆమె కాళ్లని చుట్టేసుకుంది.

తిరిగి చూస్తే మేస్త్రి అటు తిరిగి మొహం తుడుచుకుంటున్నాడు. చెమట కాబోలు అనుకుంది.

ఆఖరి రోజు సాయంత్రం మేనేజరు పిలిపించాడు. సర్టిఫికెట్టు ఇచ్చి సాగనంపుతాడనుకుంది. ఆయన ఒక కవరు చేతికిచ్చాడు.

"ఒక ఖాళీ వచ్చిందమ్మా. అది పథకంలో పని నేర్చుకున్నవాళ్లకే ఇవ్వాలని రూలు. సోమవారం నుంచి నువ్వు మెకానిక్‌వి."

ఎవరిది, ఎలా అని అడిగే స్థితిలో లేదామె. మెట్లు రెండేసి చొప్పున దిగింది. కింద మేస్త్రి పానాలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుకుంటున్నాడు. ఆయన్ని చూడగానే మనసులోని ఉక్రోషమంతా నోటికొచ్చింది.

"నన్ను పంపించెయ్యమని మీరు చెప్పినా, ఉద్యోగం నాకే వచ్చింది!"

పానా తుడుస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"విన్నావా?"

"విన్నాను."

ఆయన పానాని పెట్టెలో పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మార్కెట్ పక్క భవనంలో మూడో అంతస్తు తలుపు అంటుకుంటోంది. సోమవారం ముందు అది చూడు."

"చూస్తాలెండి." వెళ్లొస్తానని కూడా అనకుండా గిరుక్కున తిరిగి వచ్చేసింది.

ఇంట్లో తల్లి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఉత్తర్వు రెండుసార్లు చదివించుకుంది.

"ఖాళీలే లేవన్నారుగా, ఇదెలా వచ్చిందే?"

"ఏమో. వెనక ఇంకో కాగితం ఉంది, ఉండు." తిప్పి పైకి చదివింది. "'నాకు ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉన్నప్పటికీ, నా స్థానాన్ని ప్రస్తుత శిక్షణార్థికి ఇస్తారన్న షరతు మీద, స్వచ్ఛందంగా పదవీ విరమణ...'"

ఆమె చూపు కాగితం చివరికి జారింది.

"చదవవే, ఎవరా పుణ్యాత్ముడు?"

కింద మేస్త్రి సంతకం ఉంది.