తొమ్మిదో నంబరుకు మార్కులు

అశోక్‌నగర్‌లోని తన కోచింగ్ సెంటర్‌లో పక్షపాతానికి తావే లేదని నర్మద మేడంకు గట్టి నమ్మకం. మాక్ ఇంటర్వ్యూలో అభ్యర్థికి పేరుండదు, ఊరుండదు, ఉత్త నంబరే. ఏ బోర్డులో ఎవరు కూర్చోవాలో కూడా ఆ పొద్దునే చీటీలు తీసి తేలుస్తారు. ఈసారి మొదట వచ్చినవారికి ఢిల్లీలో నెల రోజుల ఉచిత శిక్షణ. సీటు ఒక్కటే.

నర్మద కూర్చున్న బోర్డు ముందుకు అందరికంటే చివర తొమ్మిదో నంబరు అమ్మాయి వచ్చింది. ఆమెను చూడగానే బోర్డు సభ్యుడు రాఘవేందర్ గారు ముఖం ముడుచుకున్నారు. విమాన భద్రతా అధికారిగా పాతికేళ్లు చేసి రిటైరైన మనిషి. అప్పటిదాకా అందరినీ నవ్వుతూ పలకరించి, ఈ పిల్ల మీద మాత్రం విరుచుకుపడ్డారు.

ఒక విమానం కూలిందనుకోమన్నారు. అది ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టిన అధికారే విచారణ కమిటీలో ఉంటే తప్పేమిటన్నారు. ఆ విమానం సంగతి అతనికంటే ఎవరికి బాగా తెలుసన్నారు.

“ఆయన చెప్పేది కమిటీ వినాలె సార్. కమిటీల మాత్రం కూర్చోవద్దు,” అంది అమ్మాయి.

అనుభవాన్ని మూలన పడేస్తావా అని గద్దించారు. నాలుగు పుస్తకాలు చదివి పెద్దలను అనుమానించడం తేలికేనన్నారు. నర్మదకు ఒళ్లు మండింది. మూడో సభ్యుడు ధర్మారావు గారు, పాపం, మిర్చి బజ్జీ నమలడం కూడా ఆపేశారు. పిల్ల మాత్రం బెదరలేదు.

“ఆ అధికారి నిజాయితీపరుడే అనుకో. అప్పుడేమంటవ్?”

“నిజాయితీపరుడైతే, ఎవ్వరూ చెప్పకముందే లేచి పోతడు సార్.”

అమ్మాయి బయటికి వెళ్లగానే, రాఘవేందర్ గారు పొద్దుటి నుంచి తాను వేసిన మార్కులన్నీ అడ్డంగా కొట్టేశారు. నర్మద నిర్ఘాంతపోయింది. ఒక చిన్నపిల్ల ఎదురు చెప్పినందుకు ఇంత అలకా? ఇంత వయసొచ్చి ఇదేం పంతం? ముఖం మీదే అడిగేసింది.

“నాతోని గాదు మేడం. మీరిద్దరే చూసుకోండి,” అని ఆయన సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

మిగిలిన ఇద్దరి మార్కులూ కూడితే తొమ్మిదో నంబరే మొదట వచ్చింది. అదీ ఒక్క మార్కు తేడాతో. నర్మదకు పట్టరానంత సంతోషం వేసింది. ఆ పెద్దమనిషి ఎంత సాధించినా న్యాయం జరిగిందని ధర్మారావు గారు కూడా ఇంకో బజ్జీ అందుకున్నారు.

అమ్మాయికి శుభవార్త చెప్పి, రాఘవేందర్ గారు దొరికితే నాలుగు చివాట్లు పెడదామని నర్మద గబగబా మెట్లు దిగేసరికి, తొమ్మిదో నంబరు అమ్మాయి ఆయన స్కూటర్ వెనక ఎక్కి కూర్చుని, “నడువు నాన్నా, నన్నెంత సతాయించినవో అమ్మకు చెప్త,” అంటోంది.