నెమలి కాళ్ల కింద

"ఇది నాది."

దుకాణం అద్దానికి ముక్కు ఆనించి, లోపలున్న నెమలి పటాన్ని వేలితో చూపిస్తున్నాడు ఎవరో ముసలాయన. నల్ల కళ్లద్దాలు. చేతిలో కంటి చుక్కల సీసా.

రాఘవేందర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పుడే వకీలుతో ఫోను మాట్లాడి పెట్టేశాడు.

పాన్‌గల్‌లో తండ్రి కొన్న మూడెకరాల మీద కోర్టు నోటీసు వచ్చింది. తమ తాత ఆ పొలం అమ్మనే లేదని సుదర్శన్ అనేవాడు దావా వేశాడు.

"పొలం నీ కబ్జాల, నీ సాగుల ఉన్నది, సరే సేటూ," అన్నాడు వకీలు మునవ్వర్. "కొన్న కాగితమన్న చూపాలె. లేకుంటే రాసినోడో, సాక్షో వచ్చి చెప్పాలె."

"మా నాయిన పెట్టె మొత్తం బోర్లించిన సాబ్. ఒక్క తెలుగు కాగితం లేదు."

"సాక్షులు?"

"ఎవరో నాకేం తెల్వదు."

ఆ కోపం ఇంకా దిగకముందే ఈ ముసలాయన.

గద్వాల కోట దగ్గర రాఘవేందర్ దుకాణానికి మంచి పేరుంది. చిరిగిన చీరల జరీ అంచులు, పాత గుండీలు, పసుపెక్కిన కాగితాలు తెస్తే కూతురు వర్ష కత్తిరించి, అంటించి పటాలు చేస్తుంది. ఎవరికీ అక్కరలేనిది చవక, అదే గోడకెక్కితే ప్రియం. అతని వ్యాపారమంతా ఆ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

అద్దం వెనకున్న నెమలికి మెడ జరీ అంచుది. ఈకలన్నీ కాగితం ముక్కలు.

రాఘవేందర్ బయటికొచ్చాడు.

"ఏందయ్యా నీది?"

"గా కాగితం బేటా. నాది. ఇంక కొయ్యకుర్రి."

"పొద్దుగాల ఒకడు పొలం నాదన్నడు. ఇప్పుడు నువ్వు కాగితం నాదంటున్నవ్. మాపటికి దుకాణం ఎవడు అడుగుతడు?"

"గట్ల కాదు, జర ఇను..."

"మా నాయిన పెట్టెల దొరికింది నీదెట్లయితది?"

ముసలాయన ముఖం వెలిగింది. "పాండు కొడుకువా నువ్వు?"

"ఆహా! బోర్డు మీద పాండు ఆర్ట్స్ అని ఇంతింత అక్షరాలతోటి రాపిచ్చిన. సదివి చెప్తే వరసలు కలుస్తయా?"

"నాకు తెలుగు సదువరాదు బేటా."

ఎదుటివాడి కనురెప్ప కదలికను బట్టి ధర కట్టే మనిషి రాఘవేందర్. ఆ మాట మాత్రం అతని చెవికెక్కలేదు.

"కండ్లు సరిగ్గ కనవడవు, మంది సొమ్ము మటుకు కనవడ్తదా? కొంటే కొను. లేకుంటే నడు!"

భుజం పట్టి మెట్టు దించాడు. చుక్కల సీసా జారి మోరీ మురుగులో పడింది.

ముసలాయన మళ్లీ మెట్టెక్కాడు.

"మీ నాయిన గిట్ల లేకుండె. ఆయనకు చెవులుండె!"

జేబులోంచి దవాఖాన చీటీ తీశాడు. వెనక్కి తిప్పి, కుడి నుంచి ఎడమకు నాలుగు వరుసలు గబగబా రాసి గల్లా మీద చరిచాడు.

"చెప్తే ఇంటలేవు. ఎవరితోనన్న సదివిపిచ్చుకో."

"శాపనార్థాలా?"

"సదివిపిస్తె తెలుస్తది," అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

వర్ష చీటీ అందుకుంది. "రాత ముద్దుగుంది నాన్నా. చదివిద్దామా?"

"తిట్లు సదివిపిచ్చుకునే తీరిక నాకు లేదు. నెమలి కాళ్ల కింద జాగ ఉన్నది గద. ఆడ అంటియ్యి. పడి ఉంటది."

నెల తర్వాత అదే పటం చంకన పెట్టుకుని రాఘవేందర్ వనపర్తి వెళ్లాడు. వట్టి చేతులతో వకీలు గడప తొక్కితే కేసు కూడా వట్టిపోతుందని అతని నమ్మకం.

మునవ్వర్ పటాన్ని బల్ల మీద పెట్టుకుని మురిసిపోయాడు. అంతలోనే ముఖం మారింది.

"సేటూ, గీ ఈకలు ఏడియి?"

"ఇంట్ల రద్దీ కాగితాలు సాబ్. మా నాయిన పెట్టెలయి."

"గీడ పాన్‌గల్ అని ఉన్నది. గీ ముక్కల మూడెకరాలు. గిది సూడు... పాండుకు అమ్మిన."

రాఘవేందర్ పటం మీదికి వంగాడు.

"ఒక్క తెలుగు కాగితం లేదన్నవ్. ఉర్దూ కాగితం ఉన్నదని చెప్పవైతివి!"

"నాకు సదువరాదు గద సాబ్."

"సదువరాకుంటే కోస్తరా?" మునవ్వర్ బల్ల మీద గుద్దాడు. "గీ ముక్కలు పట్కపోతె సుదర్శన్ వకీలు నవ్వుతడు. ఇగ రాసినోడన్న ఉండాలె."

తోక చివర ఈక దగ్గర అతని వేలు ఆగింది.

"రాసినోడు, సాక్షి, ఇద్దరూ ఒక్కడే. అబ్దుల్ రహమాన్."

"యాడుంటడు సాబ్? ఇప్పుడే పోత!"

"పాన్‌గల్ రహమాన్ చాచా. పోయిన నెలనే గద్వాలల కంటి ఆపరేషన్ అయింది. గుండె ఆగి పోయిండు. పోయిన జుమ్మా నాడు మట్టిచ్చి వచ్చిన."

రాఘవేందర్ పటం మీంచి తలెత్తాడు. "నల్లద్దాలు..."

మునవ్వర్ వినడం లేదు. నెమలి కాళ్ల దగ్గరికి వంగాడు.

"గిది పాతది కాదే. బాల్ పెన్ను రాత."

"తిట్లుంటయి సాబ్. వదిలెయ్యిర్రి."

అవి తిట్లే కావాలని బతిమాలుతున్నట్టుంది ఆ గొంతు.

మునవ్వర్ ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చదివాడు: "పాండు కొడుకా, దావా సంగతి ఊర్ల విన్న, ఆ కాగితం రాసిన చెయ్యి నాది, సుదర్శన్ తాత నా ముందరే వేలిముద్ర వేసిండు, నేను బతికే ఉన్న, కోర్టుకు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్త."