సలహాకు మార్కుల్లేవు

బడి వరండాలో బెంచీ మీద ఒకామె ఒక్కతే కూర్చుని ఉంది. మేఘన గదిలోంచి బయటికి వచ్చి, “తల్లి మీరేనా?” అని అడిగింది.

“నేనేనమ్మా,” అంటూ ఆమె కొంగు సర్దుకుని లేచింది.

ఎమ్మే సైకాలజీలో బడిపిల్లల మనస్తత్వం మేఘన ప్రత్యేక విషయం. మిగతా పరీక్షలన్నీ గట్టెక్కాయి. ఈ ప్రాక్టికల్‌లో మాత్రం పోయినసారి తప్పింది. ఈసారీ తప్పితే ఏడాది పోయినట్టే.

రాజారాం సార్ పరీక్ష పెట్టే తీరే వేరు. విద్యార్థి ఏం నేర్చుకున్నాడో రాసిన జవాబు చూస్తే తెలియదంటాడు. అందుకే శనివారం పిల్లలు ఇళ్ళకు పోయాక నీలం నగర్‌లోని ఈ బడిలో ఒక గది అడిగి తీసుకున్నాడు. పేటలోని ఆడవాళ్ళ పొదుపు సంఘం బచత్ గట్‌కు చెప్పి, బిడ్డ చదువు గురించి దిగులుపడే తల్లులుగా నటించేవాళ్ళను పంపమన్నాడు. ఎవరొస్తారో, ఏ కథ చెప్తారో తనకూ ముందు తెలియకూడదన్నాడు. విద్యార్థి ఆ తల్లితో మాట్లాడితే, సార్ వెనక బెంచీలో కూర్చుని మార్కులు వేస్తాడు.

పోయినసారి వచ్చినామె ఏడుస్తుంటే మేఘన కూడా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇట్లా చెయ్యండి, అట్లా చెయ్యకండి అని గుక్క తిప్పుకోకుండా సలహాలిచ్చింది. ఆ నటించినామె గది దాటగానే కళ్ళు తుడుచుకుని నవ్వుతూ చాయ్ తాగింది. సార్ మాత్రం నవ్వలేదు. “ఆమె బరువు గుంజుకోని నీ నెత్తిన పెట్టుకున్నవ్. దారి ఆమెనే ఎతుక్కోవాలె. అడుగుడు, వినుడు, గంతే నీ పని,” అని ఫెయిల్ చేశాడు.

ఈసారి అందరివీ అయిపోయి, ఆఖరున మేఘన వంతు వచ్చింది.

లోపలికి వచ్చి కూర్చున్నామె పేరు భాగ్యలక్ష్మి. ఇంట్లో బీడీలు చుడుతుంది. కూతురు సాక్షి ఈ బడిలోనే ఆరో తరగతి. ఇంట్లో ఆ పిల్ల గడగడా మాట్లాడుతుంది, చెల్లెళ్ళను కూర్చోబెట్టి కథలు చెప్తుంది. బడి గేటు దాటిందంటే మాట పడిపోతుంది. పేరడిగినా చెప్పదు. తోటిపిల్లలు మూగదని పిలుస్తారు. దీనికి చదువు రాదని మొగుడు తేల్చేశాడు. బీడీల చాట ముందు ఇంకో మనిషి కూర్చుంటే మంచిదేనని అత్త అంటోంది. బడిలోంచి పేరు తీయించుకుని రమ్మని ఈ పూట తననే పంపించారట.

ఎంత బాగా తయారై వచ్చిందో అనుకుంది మేఘన.

వింటుండగానే ఆమెకు సంగతి అర్థమైపోయింది. ఇది మొండితనం కాదు, తెలివితక్కువా కాదు. కొందరు పిల్లలకు భయంతో ఇంటి బయట గొంతు పెగలదు. దానికి పుస్తకాల్లో పేరుంది, బాగుచేసే దారీ ఉంది. బడిలోవాళ్ళు, ఇంట్లోవాళ్ళు కలిసి ఓపిగ్గా కొంచెం కొంచెం అలవాటు చేస్తే మాట వస్తుంది. పోయిన సెమిస్టర్‌లో మేఘన దాని మీదే వ్యాసం రాసి మెప్పు పొందింది.

భాగ్యలక్ష్మి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “నాకైతే మాన్పియ్య బుద్ధి అయితలేదు మేడం. గాని ఇంట్ల అందరొక్కటైన్రు. మీరు సదువుకున్నోళ్ళు, మీరే చెప్పున్రి. మాన్పియ్యాల్నా, వద్దా?”

వద్దు అన్న మాట మేఘన నాలుక చివరిదాకా వచ్చింది. వెనక బెంచీ కిర్రుమంది. ఆ మాటను మింగేసింది. సాక్షి అనే పిల్ల అసలుంటే కదా, అనుకుంది.

“మీ మనసుకు ఏమనిపిస్తున్నది అక్కా?” అని మెల్లగా అడిగింది.

“నా మనసుతోని ఏం అయితది? మీ అసొంటోళ్ళు ఒక్క మాట వద్దంటే, గా మాట పట్టుకోని పోయి వాళ్ళకు చెప్పుకుంట.”

“నిర్ణయం మీదే అక్కా. నేనైతే వింటున్న.”

ఆమె చాలాసేపు మేఘన మొహంలోకే చూసింది. పక్క సందులోంచి మగ్గాల టకటక వినపడుతోంది. చివరికి తల దించుకుంది. “మీరు గూడ వద్దనకపోతిరి. అయితే మాన్పిస్త,” అని లేచి వెళ్ళిపోయింది.

సార్ మొహం వెలిగిపోయింది. ఒక్క సలహా ఇవ్వలేదని, నిర్ణయం ఆమే తీసుకునేట్టు చేసిందని, నేర్చుకోవడమంటే ఇదేనని మెచ్చుకున్నాడు. అందరికంటే ఎక్కువ మార్కులు మేఘనకే.

మేఘన ఒక్క పరుగున వరండాలోకి పోయి భాగ్యలక్ష్మి చేతులు పట్టుకుంది. “మస్తు మంచిగ చేసిన్రు అక్కా.”

ఆమె మొహం కాస్త తేటపడింది. “మంచిగనే చేసిన్నంటవా చెల్లే? ఇగ నాకు ఫికర్ లేదు,” అని బడి ఆఫీసు గది వైపు నడిచింది. ఇంకా నటిస్తూనే ఉందని మేఘన నవ్వుకుంది.

అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి ఒకావిడ దిగి, రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

“లేటైంది మేడం, తల్లి యాషం ఎయ్యనికి వచ్చింది నేనే.”