నాలుగు సెంటీమీటర్లు తక్కువ

"ముప్పై వారాలంటే కడుపు ఎత్తు ముప్పై సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉండాలి. ఇక్కడ ఇరవై ఆరే ఉంది," టేపు చుట్టి బల్ల మీద పెడుతూ అంది డాక్టర్ అనసూయ.

నిస్సీ ఆ టేపు వంకే చూసింది. పక్క కుర్చీలో తల్లి జ్ఞానమ్మ కొంగు నిండుగా కప్పుకుని నేలచూపులు చూస్తోంది. పొద్దున్న అవనిగడ్డలో బస్సెక్కినప్పటినుంచీ ఆమె నోరు మెదపలేదు. బందరు ఆసుపత్రి మెట్లెక్కేటప్పుడు మాత్రం "ప్రభువా, ఈ బిడ్డను కాపాడు" అని గొణిగింది.

"అంటే... బిడ్డ ఎదగట్లేదాండీ?" నిస్సీ ముందుకు వంగింది.

"కంగారుపడకు. ఒక్క టేపుతో తేల్చలేం. అడిగినవి దాచకుండా చెప్పండి. ఇప్పటికి బరువెంత పెరిగింది?"

"నాలుగు కేజీలండీ."

"చాలదు. రక్తం?"

"ఎనిమిదిన్నర." నిస్సీ ఫైల్లోంచి కాగితం తీసి ఇచ్చింది.

"బరువు పనులు?"

"ఐదో నెల దాకా నాట్లకు వెళ్లడమేనండీ. కడుపని తెలిసేసరికే నాలుగు నెలలు దాటింది. తెలిశాక కూడా..." నిస్సీ ఆగింది.

"తెలిశాక?"

"ఊళ్లో నవ్వుతారని ఆసుపత్రి గడప తొక్కలేదండీ. నిన్న ఆశా కార్యకర్తే ఇంటికొచ్చి కొలిచి, రక్తం పరీక్ష చేయించి, వెంటనే బందరు వెళ్లమంది."

"నవ్వేవాళ్లు నవ్వనీ. ఈ వయసులో కడుపంటేనే రిస్కు. మూడో నెలలోనే రావాల్సింది."

జ్ఞానమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. నిస్సీ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇంట్లో పొగతాగేవాళ్లున్నారా?"

"నాయనమ్మ చుట్ట కాలుస్తుందండీ."

"ఇవాళ్టినుంచి ఆవిణ్ణి వీధరుగు మీద కూర్చుని కాల్చుకోమనండి."

డాక్టరు ప్రతి జవాబుకీ కాగితం మీద టిక్కు పెడుతోంది. నిస్సీ ఆ టిక్కులు లెక్కపెడుతోంది.

"ఎన్నో కాన్పు?"

"రెండోదండీ."

"మొదటి బిడ్డ ఎంత బరువు పుట్టింది?"

ఆ ప్రశ్న వస్తుందని దారి పొడవునా భయపడుతూనే ఉంది నిస్సీ. "కేజీ ఎనిమిది వందలు. నెలలు నిండే పుట్టిందండీ. పదహారు రోజులు గాజుపెట్టెలో పెట్టారు. దక్కదనే అన్నారు."

ఆ పదహారు రోజుల కథ వాళ్లింట్లో అందరికీ కంఠతా వచ్చు.

డాక్టరు పెన్ను పక్కన పెట్టింది. "ఒకసారి అలా జరిగితే మళ్లీ జరిగే అవకాశం ఎక్కువ. పదండి, స్కాన్ తీద్దాం. బిడ్డకు రక్తం సరిగ్గా అందకపోతే ఇవాళే చేర్చుకోవాలి."

స్కాన్ గదిలో మసక వెలుతురు. తెర వంక చూడలేక నిస్సీ డాక్టరు ముఖం వైపు తల తిప్పుకుంది. మిషన్లోంచి గుర్రం పరిగెత్తుతున్నట్టు చప్పుడు. ఆ చప్పుడు ఆగిపోతే? చేపల చెరువు కాపలా వదిలి రాలేక ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్న నాన్నకి ఏమని చెప్పాలి? డాక్టరు ఒకే చోట మళ్లీ మళ్లీ చూస్తోంది. నిస్సీ నోట ప్రార్థన కూడా సగంలోనే తెగిపోయింది.

మళ్లీ వచ్చి కుర్చీల్లో కూర్చున్నాక అనసూయ స్కాన్ కాగితం ముందుకు జరిపింది.

"రక్తప్రసరణ బాగుంది. బిడ్డ చిన్నదే, కానీ ఎదుగుతోంది. ఐరన్ ఎక్కిస్తాం. కడుపునిండా తినాలి, పనులు మానాలి, వారం వారం వచ్చి చూపించుకోవాలి. కాన్పు మాత్రం ఇక్కడే."

పొద్దుటినుంచీ ఉగ్గబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చి, నిస్సీ భోరుమంది.

"ఊరుకోమ్మా, గండం గడిచింది," డాక్టరు మంచినీళ్ల గ్లాసు జరిపింది. "ఇంతకీ అందర్నీ అంత భయపెట్టిన ఆ మొదటి బిడ్డ ఇప్పుడెలా ఉంది?"

జ్ఞానమ్మ అప్పుడు తలెత్తింది. ఒక చెయ్యి తన ఎత్తు కడుపు మీద ఆనించుకుని, కొంగుతో నిస్సీ చెంపలు తుడిచింది.

"ఇదేనండీ ఆ బిడ్డ."