పగలు కనిపించని మంట

మొదటి దెబ్బకే యజమాని పన్నొకటి ఊడి పచ్చిక మీద పడింది.

"మంట! మంట! అందరూ వెనక్కి పొండి! మా బావకు మంటంటుకుంది!"

ఆపరేటరు గొంతు చించుకుని అరుస్తున్నాడు. అతని చేతిలో తడి తువ్వాలు ఉంది, దాని చివర గట్టి ముడి ఉంది. రెండోసారి ఆ ముడి యజమాని చెవి మీద పడింది.

యోగా చాపల మీదున్న అతిథులు లేచి నిలబడ్డారు. ఎండ ఫెళ్లున కాస్తోంది. ఎంత కళ్లు పొడుచుకుని చూసినా వాళ్లకు మంట కనిపించలేదు. అయినా ఒక్కరూ అడ్డం వెళ్లలేదు. ఆపరేటరు చెప్పినట్టు చెయ్యమని కాసేపటి ముందు యజమానే మైకు పట్టుకుని మరీ చెప్పాడు.

"మన ఆరోగ్య విహారంలో పొగ లేదు, మసి లేదు. సోలార్ కరెంటుతో నీళ్లను విడగొడతాం. అందులోంచి వచ్చే హైడ్రోజన్ ఈ పసుపు గొట్టంలో నడుస్తుంది. మీ ఆవిరి స్నానం, మీ వేడినీళ్ల కొలను, అంతా దాని చలవే! దానికి రంగు లేదు, వాసన లేదు. అంటుకుంటే పగటిపూట మంట కూడా కనపడదు. అందుకే ఈ గొట్టం చూసుకునే మా ఆపరేటరు పరుగెత్తండి అంటే పరుగెత్తండి. ఎందుకని అడక్కండి!"

అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. పర్యావరణ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చిన కమిటీ పెద్ద అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఇప్పుడా మైకు నేల మీద పడి ఉంది. దాని స్విచ్ ఎవరూ ఆపలేదు. పడ్డ ప్రతి దెబ్బా స్పీకర్లలో రెండింతలై మోగుతోంది.

"పడుకో బావా! దొర్లు!" ఆపరేటరు ఒక్క తన్ను తన్నాడు. యజమాని దొర్లాడు. "అటు కాదు, ఇటు!" ఇంకో తన్ను. పక్కటెముక విరిగిన చప్పుడు తోట చివర ఉన్నవాళ్లకు కూడా వినిపించింది.

"మంట లేదురా! వదలరా!"

"కనపడదు బావా. నువ్వేగా చెప్పావు!"

దెబ్బకు దెయ్యమైనా వదులుతుందంటారు. ఆపరేటరు లెక్కలో ఈ మంట మాత్రం దెయ్యం కన్నా మొండిది.

ఆ ఉదయం ఆవిరి గది వెనక ఆపరేటరుకు అక్క కనిపించింది, ఎడం చేత్తో తువ్వాళ్లు ఆరేస్తూ.

"కుడిచేతికేమైందే అక్కా?"

"తలుపు సందులో పడింది."

"తలుపుకి వేళ్లు కూడా ఉంటాయా? ఐదూ అచ్చు పడ్డాయి."

అక్క చెయ్యి తువ్వాలులో దాచుకుంది. "నోరు మూసుకో. నీ ఉద్యోగం కూడా ఆయన చేతిలోనే ఉంది."

నిరుడు దవడ. మొన్న నడుము. ఇవాళ మణికట్టు. ఆపరేటరు నేరుగా బావ గదికి పోయాడు.

బావ అద్దంలో టై సర్దుకుంటూ నవ్వాడు. "నా పెళ్లాం, నా ఇల్లు. చూసినవాడున్నాడా? సాక్ష్యముందా? నా మీద చిటికెన వేలు వేసి చూడు, జైల్లో చిప్పకూడు తింటావు. మీ అక్క మాత్రం నా దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత దాని గతేంటో ఆలోచించుకో."

ఆలోచించుకోవాల్సిందంతా అదే. ఆపరేటరు బయటికొచ్చాడు.

ఇప్పుడతను బావ కాలరు పట్టుకుని పచ్చిక మీద బరబరా ఈడ్చుకుపోతున్నాడు. కొలను గట్టుకు భుజం కొట్టుకుని యజమాని కెవ్వుమన్నాడు. ఆ కేక సగంలో ఉండగానే ఆపరేటరు అతని తల నీళ్లలో ముంచాడు. తీశాడు. మళ్లీ ముంచాడు. వేడినీళ్లు ఎర్రబడ్డాయి.

అక్క పరుగెత్తుకొచ్చింది. "చాల్రా తమ్ముడూ, చచ్చిపోతాడు!"

"ఇంకా ఆరలేదక్కా."

ఆమె తమ్ముడి ముఖం చూసి ఆగిపోయింది. మళ్లీ ఆపమనలేదు.

చివరికి ఆపరేటరే లేచి, వేళ్ల మీది రక్తం తుడుచుకున్నాడు. "ఆరింది," అన్నాడు. కమిటీ పెద్ద పరుగున వచ్చి అతన్ని కౌగిలించుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఆశ్చర్యపోయింది. పక్కటెముకలు విరిగాయి, భుజం జారింది, ముందు పళ్లు లేవు. "కానీ ఒంటి మీద ఒక్క బొబ్బ లేదు! ఎంత త్వరగా ఆర్పావయ్యా!"

పోలీసు అధికారికి మాత్రం నమ్మకం కుదరలేదు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చూడండి, నేను ఇలా ఆర్పడం ఎక్కడా చూడలేదు. మంట కాదని ఒక్క మాట చెప్పండి, ఇతన్ని ఇప్పుడే లోపలేస్తా. రేపు నిపుణుల్ని తెచ్చి ఆ గొట్టం కోయించి చూస్తా. మంటేనంటారా, ప్రమాదమని రాసుకుని పోతా."

యజమాని ఆపరేటరును చూశాడు. తలవైపు సర్టిఫికెట్ పట్టుకుని నిలబడ్డ కమిటీ పెద్దను చూశాడు.

"చెప్పు బావా," అన్నాడు ఆపరేటరు మెత్తగా. "కోయిద్దామా?"

"మంటే సార్," యజమాని పళ్లు లేని నోటితో అన్నాడు. "మంటే. మా బావమరిది దేవుడు."

"అక్కను మా ఇంటికి తీసుకుపోతున్నా. ఇక అక్కడే ఉంటుంది. ఆ గొట్టం పక్కన కాపురం ప్రమాదం. కాదంటావా?"

యజమాని కాదనలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా తలూపాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ అక్క ఎడం చేత్తో తన సంచి అందుకుంది.

బిగించిన రోజు నుంచి ఈరోజు దాకా ఆ పసుపు గొట్టంలోకి హైడ్రోజన్ పిసరంత కూడా ఎక్కలేదనీ, కొలను నీళ్లు కాచేది నేలమాళిగలో దాచిన డీజిల్ బాయిలరనీ ఆ గదిలో బావకూ బావమరిదికీ తప్ప ఎవరికీ తెలియదు.